ఇరవై ఐదు ఓములు

పుంతా అరేనాస్‌లో గాలి తలుపు తట్టదు,
తోసుకుని వస్తుంది.
ఆ ఏప్రిల్లో, ఓడల పైలట్ల ఆఫీసులో
పన్నెండు కంప్యూటర్లను ఒకే నల్లటి కేబుల్‌కి
పూసల్లా గుచ్చే పని నాకు పడింది.
కేబుల్ దగ్గర పేచీ లేదు.
పేచీ అంతా దాని చివర్ల దగ్గరే.

దుకాణంలో నిబాల్దో ఒయార్సో
బల్ల మీద మూడు పెట్టెలు విప్పాడు.

మొదటి పెట్టెలోవి తిప్పి బిగించేవి.
పనిముట్టు అక్కర్లేదు, రెండు వేళ్లు చాలు,
పిల్లాడి చెవి మెలేసినంత సులువు.
ధర సగం.
రెండో పెట్టెలోవి నొక్కి బిగించేవి.
నడిమి రాగికి సూదంత పిన్ను,
పైనున్న అల్లికకు వేలెడు గొట్టం,
ఆపైన పటకారు ఒక్క కొరుకు.
ఆ పటకారు ఖరీదు నా పదిహేను రోజుల జీతం.
మూడోవి టంకం పెట్టేవి.
"ఇవి సైన్యానికి" అంటూ
నేను చూసీ చూడకుండానే మూత పెట్టేశాడు.

"ఇంకో మాట. టీవీవాళ్లవి వీటిలో కలిసిపోతుంటాయి.
కవలపిల్లలే. కాకపోతే ఇవి యాభై ఓములు, అవి డెబ్బై ఐదు.
పట్టడానికి పడతాయి.
కానీ నువ్వు పంపిన మాటలో ఓ ముక్క
గోడకి తగిలిన బంతిలా నీ మొహానికే వస్తుంది."

నేను మొదటి పెట్టె కొన్నాను.
మిగిలిన డబ్బుతో ఆఫీసుకి హీటరొచ్చింది.
నెల రోజులు అందరూ నన్ను మెచ్చుకున్నారు.

జూన్‌లో, తొమ్మిదింటికిగానీ తెల్లవారని రోజుల్లో
ఓ రాత్రి డ్యూటీలో ఎవుదోసియా మన్సీయా
కుర్చీని జానెడు జరుపుకుంది,
ఆ హీటరు వైపే.
అంతే.
బంతిలో ఒకరు లేస్తే అందరూ చేతులు కడుక్కున్నట్టు
పన్నెండు తెరలూ ఒక్కసారే ఊరుకున్నాయి.
జలసంధి మొదట్లో ఓ ఓడ పైలట్ కోసం ఆగి ఉంది.
ఆవిడ రేడియో అందుకుంది.
పెన్సిలు తీసి వేళలన్నీ చేత్తో రాసింది.

నేను వచ్చి బల్లల కింద దూరాను.
టీ ఆకారపు ముక్క నడిమి నోట్లో మీటరు ముళ్లు పెట్టాను.
ఈ కొసన యాభై ఓముల టోపీ, ఆ కొసన యాభై ఓముల టోపీ,
రెండూ కలిసి పలికితే ఇరవై ఐదు రావాలి.
యాభై వచ్చింది.
ఎక్కువ వచ్చిందని సంతోషించకూడని చోటు.
రెండు కొసల్లో ఒకటి మనకి లేదని దానర్థం.

టోపీ తీసి సగంలో పెట్టి, మళ్లీ ఆ సగంలో సగంలో పెట్టి
మోచేతులతో పాకుతూ పోతే
చివరికి ఆవిడ చెప్పుల దగ్గరే దొరికింది.
కనెక్టరు నా చేతిలో, కేబుల్ నేల మీద.
మధ్యలో నాలుగు రాగి పోగులు
దువ్వెనలో మిగిలిన వెంట్రుకల్లా.

ఎవుదోసియా తిట్టలేదు. టార్చి పట్టుకుంది.
"మా నాన్న చిలోయేలో వలలు అల్లేవాడు.
ముడి వేస్తున్నప్పుడు మాట్లాడితే ఒక్కటిచ్చేవాడు" అంది.
ఆ తర్వాత తనూ మాట్లాడలేదు.

పటకారు కొన్నాను. పదిహేను రోజులు
రొట్టె, టీ, ఇంకా నిబాల్దో నవ్వు.
నొక్కిన ప్రతిదాన్నీ లాగి చూశాను,
ఊడితే నా ముందే ఊడమని.

ఇరవై రెండు చివర్లలో ఇరవై ఒకటి మార్చాను.
ఇరవై రెండోది ఆటుపోట్ల పుస్తకాల బీరువా వెనక ఉంది.
ముగ్గురం తోసినా ఆ బీరువా కదల్లేదు.
తిప్పి బిగించిందే, సగం ధరదే.
ఆరేళ్ల తర్వాత ఆ కేబుల్ మొత్తం పీకేసిన రోజున
దాన్ని లాగి చూశాను.
రాలేదు.

ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు.
నిబాల్దోకి మాత్రం చెప్పలేదు.